నాలుక కింద పొర

గంభీరమ్మ అసలు పేరు లాండ్రీ హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. పాతికేళ్ళ కిందట ఇస్త్రీ గదిలో పనికి చేరిన మొదటి వారంలోనే తోటివాళ్ళు ఈ పేరు తగిలించారు, అదే అతుక్కుపోయింది. మనిషి పొడగరి. నవ్వినా పెదాలు విడవవు. ఏదైనా అడిగితే ఒక మాట, మహా అయితే రెండు. మూడో మాటకి దిక్కులేదు. అలాంటి మనిషిని చూసి జనం ఏమనుకుంటారు? పొగరనుకుంటారు, కాకపోతే గొప్ప తెలివైందనుకుంటారు. నోరు విప్పనివాళ్ళకి లోకం ఇచ్చే బిరుదులు ఈ రెండే. ఆవిడకి పాపం రెండూ లేవు. ఉన్నదల్లా నాలుక కింద ఒక పొర.

అది పుట్టుకతో వచ్చింది. నాలుక కింద సన్నటి తీగలాంటిది అందరికీ ఉంటుంది. ఆవిడకి అది పొట్టిగా, మందంగా, కొసదాకా పాకి నాలుకని కింద దవడకి కట్టిపడేసింది. ఆ నాలుక పళ్ళు దాటి బయటికి రాదు, అంగిటికి తగలదు. దాంతో సగం అక్షరాలు నోట్లోనే అరిగిపోయి ఎవరూ గుర్తుపట్టలేని రూపంలో బయటపడతాయి. చిన్నప్పుడు బడిలో పాఠం చదవమంటే లేచి చదివింది. క్లాసు క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. మాస్టారు కూడా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మాస్టారు మన కంటబడలేదు గానీ, పడి ఉంటే నాలుగు మాటలు అడిగి ఉండేవాళ్ళం. ఇంటికొచ్చి ఏడుస్తుంటే వాళ్ళమ్మ ఒళ్ళో కూచోబెట్టుకుని చెప్పింది.

"నోరు తెరిచి ఎవరికీ చూపించకు. తక్కువ మాట్లాడు. ఎవరూ ఏమీ అనరు."

ఆ పిల్ల అమ్మ మాట జవదాటలేదు. యాభై ఏళ్ళు వచ్చినా జవదాటలేదు.

ఆవిడ మాటలు ఆవిడ పలికినట్టే ఇక్కడ రాయొచ్చు. రాయను. మీరు నవ్వుతారని కాదు. ఆవిడ మనసులో ఆ మాటలు శుభ్రంగానే ఉన్నాయి, నేను అక్కణ్ణుంచి తీసుకుంటున్నాను.

ఇస్త్రీ గది ఆవిడకి స్వర్గం. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు రోజుకి వేలల్లో వస్తాయి. ఆరు ఆవిరి యంత్రాలు ఒకేసారి బుసకొడుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతుల్తోనే మాట్లాడుకుంటారు. చెవి పట్టుకుంటే సూపర్‌వైజరు వస్తున్నాడని. పిడికిలి గుండెలకి ఆనిస్తే కాసేపు నా యంత్రం చూడమని. రెండు అరచేతులూ పైకెత్తి, బోర్లా తిప్పి కిందికి దించితే, దుప్పటి వంకరగా పడింది, ఎత్తి మళ్ళీ సరిగ్గా పరువు అని. ఆ గదిలో అందరూ మూగవాళ్ళే కనక గంభీరమ్మ అందరిలాంటి మనిషే. చేతి సైగల్లో ఆవిడంత వాగుడుకాయ ఇంకొకరు లేరని కూడా చెప్పుకునేవారు. పాతికేళ్ళ అలవాటు, ఇంటికొచ్చినా చేతులు ఊరుకోవు.

భర్త మంచివాడు. ఆవిడ మౌనాన్ని మౌనంగానే తీసుకుని, ఎన్నడూ గుచ్చి అడక్కుండానే కన్నుమూశాడు. ఒక్కడే కొడుకు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాడు పెళ్ళి చేసుకున్న పిల్ల బస్టాండులో అనౌన్సరు. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని రోజుకి నాలుగొందల సార్లు గడగడా చెప్పే పిల్ల. ఇంటికొచ్చాక కూడా ఆ జోరు తగ్గదు. కూర తరుగుతూ మాట్లాడుతుంది, పళ్ళు తోముకుంటూ మాట్లాడుతుంది. ఇలాంటి కోడలు, అలాంటి అత్త. ఇద్దరికీ గొడవ ఎప్పుడూ రాలేదు. గొడవకి ఇద్దరు మాట్లాడాలి కదా.

ఆ పిల్లకి పురుడొచ్చింది, ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికల్లా కోడలి నోరు మూతపడింది. అడిగితే "బాగానే ఉన్నానత్తయ్యా" అంటుంది. అంతే, మళ్ళీ గోడకేసి తిరిగి పడుకుంటుంది. గలగలలాడే మనిషి ఇలా అయిపోతే ఇల్లంతా బావురుమంటోంది.

పాప ఎప్పుడూ పాల కోసమే ఏడుస్తుంది. గంటసేపు రొమ్ము పట్టుకునే ఉంటుంది, టక్కు టక్కుమని చప్పుడు చేస్తుంది, జారిపోతుంది, మళ్ళీ గుక్కపట్టి ఏడుస్తుంది. గంభీరమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసేది. పాప నోరు సరిగ్గా పడలేదని తెలుస్తూనే ఉంది. వెంటనే చేతులు వాటంతటవే లేచేవి. ఎత్తి మళ్ళీ సరిగ్గా వెయ్యి అని సైగ చేసేది. కోడలు ఒకసారి ఆవిడ మొహంలోకి చూసి, పాపని ఎత్తి తీసుకెళ్ళి తొట్టిలో పడుకోబెట్టేసేది. పాప కెవ్వుమనేది. ఈ పిల్లకి ఇంత ఓపిక లేదేమిటని గంభీరమ్మకి ఒళ్ళు మండేది. మండినా ఏం చేస్తుంది? మింగి ఊరుకునేది.

ఇంకోటి కూడా ఆవిడ కంటపడింది. బట్టలు ఉతకడానికి తీస్తే కోడలి జాకెట్టు లోపలివైపు, పాప పొత్తిగుడ్డ అంచున పప్పుగింజంత మరకలు. మరకలతో గంభీరమ్మకి పాతికేళ్ళ స్నేహం. టీయో తుప్పో రక్తమో, రక్తమైతే నిన్నటిదో ఇవాళ్టిదో చూపుతోనే చెప్పేస్తుంది. అవి రక్తం మరకలు, రోజూ కొత్తవి. పాలివ్వడానికి ఈ పిల్ల ప్రాణం పోయేంత బాధ పడుతోంది, పళ్ళ బిగువున ఓర్చుకుంటోంది, ఎవరికీ చెప్పట్లేదు. ఎందుకు చెప్పట్లేదో మాత్రం గంభీరమ్మకి అంతుపట్టలేదు. గుమ్మంలో మొహం మాడ్చుకుని నిలబడే అత్తగారే కారణమని ఆవిడకి ఎలా తోస్తుంది?

పదిహేనో రోజున స్నానం చేయిస్తుంటే పాప నోరంతా తెరిచి ఏడ్చింది. గంభీరమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టేసింది. చిన్నారి నాలుక కొస నొక్కుపడి రెండుగా కనిపించింది. కింద తెల్లటి పొర బిగుసుకుని ఉంది. ఏడుపు ఎంత గట్టిదైనా ఆ నాలుక చిగుళ్ళు దాటి రాలేదు. ఇలాంటి నాలుకని ఆవిడ అద్దంలో చూసుకుంటూ పెరిగింది.

ఆ క్షణంలోనే వెళ్ళి చెప్పొచ్చు కదా అని మీరంటారు. అనడం తేలికే. చెప్పాలంటే ముందు నోరు తెరవాలి. తెరిస్తే ఇది ఎవరి వల్ల వచ్చిందో కూడా చెప్పాలి. మా వంశంలో లేని అవకరం ఎక్కణ్ణుంచి తెచ్చారత్తయ్యా అని కోడలు అంటే? అసలు ఆవిడ చెప్పింది వాళ్ళకి అర్థం కాక "ఏమిటి? మళ్ళీ చెప్పండి" అంటే? రోజూ పొద్దున్నే ఒక వాక్యం కూర్చుకునేది, సాయంత్రానికి విప్పేసేది. పోనీలే, పెరిగితే అదే వదులవుతుందేమో అనుకునేది. తన నాలుక ఎన్నేళ్ళు పెరిగినా వదలలేదన్న సంగతి మాత్రం గుర్తుచేసుకునేది కాదు. అలా నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజుల్లో పాప ఏడుపు సన్నబడింది. ఆకలి తీరి కాదు, ఓపిక లేక.

పంతొమ్మిదో రోజు తూకానికి వెళ్ళాలి. కొడుకు డ్యూటీకి వెళ్ళాడు. అత్తాకోడళ్ళిద్దరే పాపని తీసుకుని క్లినిక్కుకి వెళ్ళారు. నర్సు పాపని తక్కెడలో పడుకోబెట్టి అంకె చూసింది. ఇంకోసారి చూసింది. అప్పుడు డాక్టరమ్మని పిలిచింది.

"పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు. ఇప్పటికి దాన్ని దాటిపోయి ఉండాలి. పాప రెండున్నర దగ్గరుంది" అంది డాక్టరమ్మ. "పాలు ఎంతసేపు తాగుతోందమ్మా?"

కోడలు ఒకసారి అత్తగారి వైపు చూసింది. "బాగానే తాగుతోంది డాక్టరుగారూ."

"మీకేమైనా నొప్పిగా ఉంటోందా?"

"లేదండీ."

పచ్చి అబద్ధం. గంభీరమ్మ చెవులారా విన్నది. నాలుగొందల బస్సుల పేర్లు తడుముకోకుండా చెప్పే పిల్ల, తన ఒంటి నొప్పి గురించి ఒక్క మాట చెప్పలేక తల దించుకుంది.

డాక్టరమ్మ నిట్టూర్చి పెన్ను తీసింది. "పాపని ఇవాళే ఇక్కడ చేర్చుకోవాలి. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టిద్దాం. మీ పాలు చాలడం లేదనుకుంటా. మీ తప్పేం లేదులెండి, కొందరికి పడవు."

కోడలి కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. చప్పుడు మాత్రం లేదు. డాక్టరమ్మ చీటీ రాస్తోంది. నర్సు పాప చేతికి కట్టే పట్టీ వెతుకుతోంది. గంభీరమ్మకి ఒళ్ళంతా చెమట పట్టింది. కాదు, పాలు చాలకపోవడం కాదు అని చెప్పాలి. పొద్దున్న కూర్చుకున్న వాక్యం ఎటు పోయిందో పోయింది. పెదాలు కదిలాయి గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. చీటీ సగం రాయడం అయిపోయింది.

అప్పుడు ఆవిడ కుర్చీలోంచి లేచింది. బల్ల దగ్గరికి వెళ్ళి, డాక్టరమ్మ మొహంలో మొహం పెట్టి, నోరంతా తెరిచి, నాలుక వెళ్ళబెట్టబోయింది.

నర్సు అలాగే కొయ్యబారిపోయింది. "అత్తయ్యా" అంది కోడలు, సిగ్గుతో చచ్చిపోతూ. ఎంతో హుందాగా వచ్చి కూచున్న పెద్దావిడ ఉన్నట్టుండి డాక్టరుని వెక్కిరిస్తే ఎవరికైనా మతిపోదా? కానీ వెక్కిరింపు పూర్తవలేదు. నాలుక కింది పళ్ళ దగ్గరే ఆగిపోయింది. కొస నొక్కుపడి, మధ్యలో గుంట పడి, అక్కడే వణుకుతోంది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"పాపకీ ఇదే" అంది గంభీరమ్మ.

"ఏమన్నారు?"

జీవితమంతా ఆవిడ తప్పించుకు తిరిగిన మాట అది. అది వినపడితే ఆవిడ ఎప్పుడూ ఇంకేం చెప్పకుండా వెనక్కి తగ్గేది. ఇవాళ బల్ల అంచు పట్టుకుని మళ్ళీ చెప్పింది. "పాపకీ ఇదే నాలుక. నా దగ్గర్నుంచి వచ్చింది. పట్టు దొరక్క తాగలేకపోతోంది. ఈ పిల్లకి నొప్పి. రోజూ రక్తం వస్తోంది. బట్టల మీద నేను చూశాను. ఈ పిల్ల చెప్పదు."

కొన్ని మాటలు అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. అయినా చాలింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుని, పాప నోట్లో చిటికెనవేలు పెట్టి, నాలుక కింద మెల్లగా తడిమింది. టార్చి వేసి చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"నొప్పి లేదన్నారే?"

కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. నొప్పి అంటే ఎక్కడ తను పాలివ్వడం చేతకానిదనుకుంటారో అని చెప్పలేదట. పాప నోరు పెట్టగానే కాళ్ళ వేళ్ళు మెలిపడేవట, దుప్పటి నోట్లో కుక్కుకునేదట.

"టంగ్-టై అంటాం దీన్ని. నాలుక కట్టు" అంది డాక్టరమ్మ. "మొదట్లోనే చూడాల్సింది, మేమూ చూడలేదు. చిన్న కత్తెరతో ఆ పొరని కాస్త కత్తిరిస్తే చాలు, నిమిషం పని. అందరికీ వెంటనే గుణం కనిపిస్తుందని చెప్పలేను. మీరు సరేనంటే ఇప్పుడే చేస్తాను."

కోడలు అత్తగారి వైపు చూసింది. గంభీరమ్మ సైగ చెయ్యలేదు. నోటితోనే "చేయించు అమ్మా" అంది. కోడలు కాగితం మీద సంతకం పెట్టింది.

నిజంగానే నిమిషం పట్టలేదు. నర్సు పాపని గుడ్డలో బిగించి చుట్టి తల పట్టుకుంది. డాక్టరమ్మ వంగింది, లేచింది. రెండు చుక్కల రక్తం దూదికి అంటింది, గంభీరమ్మ రోజూ ఉతికే మరకంత కూడా లేదు. పాప ఏడ్చింది, స్నానానికి ఏడ్చినంత కూడా ఏడవలేదు. దీనికా యాభై ఏళ్ళు, అనుకుంది గంభీరమ్మ. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడవలేదు, నవ్వలేదు. గోడకి ఆనుకుని నిలబడింది, అంతే.

పక్కనున్న చిన్న గదిలో ఒక మంచం, ఒక కుర్చీ ఉన్నాయి. కోడలు మంచమెక్కి గోడకి చేరగిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి పాపని దగ్గరికి తీసుకుంది. పాప వెతుక్కుంది, దొరకబుచ్చుకుంది. తర్వాత ఒక చప్పుడు. టక్కు టక్కు కాదు. గుటక. ఇంకో గుటక. కోడలి కళ్ళు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి.

"నొప్పి లేదత్తయ్యా" అంది. నమ్మకం చాలక ఇంకోసారి అంది. "కొంచెం మంటగా ఉంది, పాత పుండు కదా. కానీ ఆ నొప్పి లేదు."

గంభీరమ్మ కుర్చీలో కూలబడింది.

కాసేపటికి పాప నోరు పక్కకి జారింది. గంభీరమ్మ చేతులు యథాప్రకారం లేచి, బోర్లా తిరిగి, కిందికి దిగాయి. కోడలు వెంటనే పాపని విడిపించి పక్కన పడుకోబెట్టబోయింది.

"ఎందుకు తీసేస్తున్నావు?" అంది గంభీరమ్మ, నివ్వెరపోయి.

"మీరే కదత్తయ్యా ఎత్తి పడుకోబెట్టమన్నారు. రోజూ అంటారుగా. మీరు చెప్పాక కూడా పట్టుకుని కూచుంటే మీకు కోపమొస్తుందని…"

గంభీరమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల తిరిగిపోయింది. ఎత్తి మళ్ళీ వెయ్యమంటే, ఎత్తి పడుకోబెట్టమనుకుంది ఈ పిల్ల. రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు. తనే గుమ్మంలో నిలబడి, పాప నోటి దగ్గర కూడు తనే లాగేసింది. ఇస్త్రీ గదిలో ఆ సైగ ఏమిటో, దుప్పటి ఎలా పరుస్తారో తడబడుతూ చెప్పింది. "తప్పు నాదేనమ్మా" అంది.

కోడలు పాపని మళ్ళీ రొమ్ముకి చేర్చుకుని, నోరు తెరుచుకుని విన్నది. "అంటే ఇన్ని రోజులుగా మీరు నన్ను తిట్టలేదా?" అంది. ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతోనే ఫక్కున నవ్వింది. "నేను దుప్పటిని కాదత్తయ్యా, కాస్త నోటితో చెప్పాల్సింది." ఆ పిల్ల నవ్వుతుంటే పాప ఊగింది, ఊగుతూనే పట్టు వదలకుండా తాగింది.

పాలు తాగాక నర్సు మళ్ళీ తూచింది. ఇందాకటి మీద నలభై గ్రాములు ఎక్కువ. నలభై గ్రాములంటే ఎంత? రెండు మూడు గుక్కెళ్ళు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ మాత్రం కొండంత బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నారు. డాక్టరమ్మ చేర్చుకునే చీటీని సొరుగులో పడేసింది. రెండు రోజులు ఇంట్లోనే చూద్దాం, అందాకా పైపాలు కూడా కాస్త పట్టండి, ఎల్లుండి తూకానికి రండి అంది. పోతూ పోతూ గంభీరమ్మ వైపు తిరిగి, కావాలంటే మీకూ చెయ్యొచ్చు, పెద్దవాళ్ళకి కుట్లు పడతాయి, మాట సాధన చెయ్యాలి, ఆలోచించుకోండి అంది. గంభీరమ్మ ఆలోచిస్తానంది. మొహమాటానికి అనలేదు, నిజంగానే అంది.

అరగంట అక్కడే ఉండమన్నారు. ఆ అరగంటలో కొడుకు వచ్చాడు. భుజాన పనిముట్ల సంచి, చేతులకి గ్రీజు. "ఫోన్లు ఎత్తరేం ఇద్దరూ? ఏమైంది?" అన్నాడు ఆయాసపడుతూ.

కోడలు నోరు తెరవబోయి, ఆగి, అత్తగారి వైపు చూసింది. గంభీరమ్మే చెప్పింది. మొదట్నుంచి చెప్పింది. తక్కెడ అంకె, చీటీ, నాలుక, కత్తెర, సైగ, నలభై గ్రాములు. మధ్యలో ఎన్నో మాటలు విరిగాయి, విరిగినవాటిని మళ్ళీ చెప్పింది. కొడుకు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. వాళ్ళమ్మ ఒక్క బిగిని ఇన్ని మాటలు మాట్లాడటం వాడు పుట్టాక ఇదే వినడం.

"నువ్వు గొణుగుతావు, అది నీ అలవాటు అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ" అన్నాడు చివరికి. కాసేపు సంచి పట్టీ సర్దుకున్నాడు. "చిన్నప్పుడు నాకు ఒక్క కథ చెప్పలేదు నువ్వు. సాయంత్రమైతే పక్కింటి పిన్ని దగ్గరికి పంపేసేదానివి. నేనంటే నీకు విసుగనుకునేవాణ్ణి."

గంభీరమ్మ వాడి మొహం చూడలేదు. పాప పొత్తిగుడ్డ మడత సరిచేస్తూ చెప్పింది.

"విసుగు కాదురా. నా మాట వింటూ పెరిగితే నీకూ ఇదే మాట వస్తుందని భయపడ్డాను. పక్కింటావిడ శుభ్రంగా మాట్లాడేది. ఆవిడ దగ్గర నేర్చుకుంటావని పంపాను."

కొడుకు ఏదో అనబోయాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటే చెంప మీద గ్రీజు మరక పడింది.

కోడలే పాపని మెల్లగా ఎత్తి గంభీరమ్మ ఒళ్ళో పెట్టింది. "మరి దీన్ని ఎవరింటికి పంపుతారు? పక్కింట్లో ఇప్పుడు ఎవరూ లేరు. నేను సెలవయ్యాక బస్టాండుకి పోవాలి. మీరే చెప్పండి కథలు. మీలాగే మాట్లాడితే మాట్లాడనివ్వండత్తయ్యా."

పాప కడుపు నిండి, కళ్ళు సగం మూసి, పెదాలు చప్పరిస్తోంది. గంభీరమ్మకి చప్పున ఏ కథా గుర్తురాలేదు. గుర్తుండటానికి ఎవరికైనా చెప్పి ఉంటే కదా. అందుకని తను ఎరిగిన సంగతే ఎత్తుకుంది. ఒక పెద్ద గది ఉందనీ, అందులో ఆరు యంత్రాలు బుసకొడుతుంటాయనీ, ఒకరోజు ఒక దుప్పటి మడతలోంచి ఎవరిదో పళ్ళసెట్టు దొరికిందనీ, మెల్లగా, గట్టిగా, ఒక్కో మాటా పాప మొహంలోకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. కొడుకు భుజాన సంచి దించి, మంచం పక్కన నేల మీద కూచుని విన్నాడు.